డ్రైవరు వెనక తెర

పొద్దున్నే మా వీధిలోకి మైకు బండి వచ్చిందంటే నాకు కాళ్ళు చల్లబడేవి. పాలవాడు రాని రోజున కూడా అది వచ్చేది. మున్సిపాలిటీవాళ్ళు ఒక వ్యాను మీద మైకు కట్టి రోజుకో కొత్త కబురు చదివించేవారు. నిన్న చెప్పింది ఇవాళ ఉండదు. ఫలానా వీధి మూసేశాం, ఫలానా వీధి తెరిచాం, కూరగాయలు ఫలానా చోట దొరుకుతాయి, బస్సులు లేవు, బస్సులు ఉండొచ్చు. చదివే మనిషి గొంతులో మాత్రం ఏ తేడా ఉండదు. ఎవరో పోయారని చెప్పినా, కుళాయి నీళ్ళ వేళ మారిందని చెప్పినా ఒకటే గొంతు. మా అత్తయ్య ఆయనకి చల్లనయ్య అని పేరు పెట్టింది.

"వచ్చాడమ్మా చల్లనయ్య. ఇవాళ ఏం మోసుకొచ్చాడో విను" అనేది వంటగట్టు దగ్గర నుంచి.

నేను కిటికీ తీయకుండానే వినేదాన్ని. ఆ మాటలతో పాటు రోగం కూడా లోపలికి వచ్చేస్తుందేమోనని భయం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఇంట్లో అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న పిల్ల, కనపడినదల్లా నోట్లో పెట్టుకునే పిల్ల ఉంటే తెలుస్తుంది.

మా ఆయన సిటీ బస్సు డ్రైవరు. నేను వీధి వైపు గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. ఆ గది నా దుకాణం. దాని వెనక ఉన్న గదిలోనే వంటా, పడకా, మేం నలుగురం: ఆయన, నేను, అత్తయ్య, మా బుడంకాయ. పిల్లకి అసలు పేరు వేరే ఉందిగానీ ఆ బుగ్గలు చూసినవాళ్ళెవరూ ఆ పేరుతో పిలవరు. ఊళ్ళోకి రోగం వచ్చాక బస్సులు ఆగిపోయాయి. బట్టలు కుట్టించుకునేవాళ్ళూ ఆగిపోయారు. ఇల్లు గడవడం కష్టంగానే ఉండేది, అయినా మనిషి కళ్ళ ముందు ఉన్నాడు కదా అని నాకు కొంత నిబ్బరంగా ఉండేది.

ఆ నిబ్బరం ఒక శనివారం పోయింది.

"ప్రజలకు మనవి. సోమవారం నుంచి ఆస్పత్రి దారిలో బస్సులు నడుపబడును. అత్యవసర పనులవారు పాసు చూపి ఎక్కవలెను. వెనక తలుపు నుంచే ఎక్కవలెను, వెనక తలుపు నుంచే దిగవలెను. డ్రైవరు వెనక తెర లేని బస్సు డిపో నుంచి బయటకు రాదు. మూతబడిన చిన్న దుకాణాలకు సహాయంగా మున్సిపాలిటీ పని ఇచ్చును. తెరలు కుట్టగలవారు వెంటనే వార్డు ఆఫీసులో కలవవలెను. పని సవ్యముగా చేసిన దుకాణాలకు గది అద్దె మున్సిపాలిటీయే భరించును."

ఆయన లుంగీ సర్దుకుని లేచి కూర్చున్నారు. "చూశావా, మొగుడికీ పెళ్ళానికీ ఒకే నోటితో ఉద్యోగాలు ఇచ్చాడు చల్లనయ్య."

"మీరు వెళ్ళకపోతే ఏం?"

"బస్సు దానంతటది వెళ్ళదుగా."

"ఇంకెవరైనా నడుపుతారు."

"ఆ ఇంకెవరి పెళ్ళామూ ఇదే మాట అంటూ ఉంటుంది ఇప్పుడు" అన్నారు. పిల్లని ఎత్తుకుని అవతలికి వెళ్ళిపోయాను.

తెరల పని ఇంకెవరికో పోతుందేమోనని ఆ మధ్యాహ్నమే వార్డు ఆఫీసుకి పరిగెత్తాను. అద్దె ఆశ లేదని అనను. కానీ ఆ తెర వెళ్ళి కట్టేది ఆయన వీపు వెనక. వాళ్ళూ వీళ్ళూ దగ్గే దగ్గుకీ, మా ఆయన మెడకీ మధ్య ఉండేది అదొక్కటే. దాన్ని ఎవరో ఎలాగో కుట్టి పడేస్తే నాకు నిద్ర పడుతుందా?

అద్దంలా అవతల మనిషి కనపడే మందపాటి ప్లాస్టిక్ షీట్లు చుట్టలు చుట్టి ఇచ్చారు. పని పెద్దదేమీ కాదు. పై అంచు మడిచి, కడ్డీ దూరేంత సందు ఉంచి కుట్టాలి. ఆ కడ్డీ బస్సు పైకప్పుకి బిగిస్తారు, తెర దాని నుంచి కిందికి వేలాడుతుంది. కుట్టు తెగితే తెర లేనట్టే.

నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. అమ్మకి ఒంట్లో బాగోలేక ఇంటి పని మీద పడితే, మధ్యాహ్నాలు ఒక టైలరక్క దగ్గర కూర్చోబెట్టారు. ఆవిడ నా కుట్టు చూసి "ఈ సందుల్లోంచి ఎలుక దూరేట్టుంది కదే" అని విప్పించి మళ్ళీ కుట్టించేది. ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది ఒకటే. కుట్టు ఎంత సన్నగా ఉంటే బట్ట అంత గట్టిగా నిలుస్తుంది. ఇప్పటిదాకా ఆ మాట నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు.

కుట్టు సైజు మార్చే మరను చివరిదాకా సన్నానికి తిప్పేశాను. ప్లాస్టిక్ మిషను పాదానికి అంటుకుని కదలకపోతే, కింద పాత పేపరు వేసి లాగాను. ఒక వరస కుట్టాక ధైర్యం చాలక అదే గీత మీద ఇంకో వరస నడిపించాను. ప్రతి తెరకీ అంతే. ఏది ఆయన బస్సుకి వెళ్తుందో తెలియదు కనుక అన్నీ ఆయనవే అనుకుని కుట్టాను. ఆదివారం సాయంత్రానికల్లా అయిపోయాయి. అత్తయ్య ఒక తెరని మొహానికి అడ్డం పెట్టుకుని బుడంకాయతో దోబూచులాడింది.

"ఇంత సన్నగా కుట్టావు, దోమ కూడా దూరదే అమ్మాయ్."

"దోమ కాదత్తయ్యా, దానికంటే చిన్నది దూరకూడదు."

సోమవారం ఆయన డ్యూటీకి వెళ్ళారు. ఆ సాయంత్రం వీధి కుళాయి దగ్గరే స్నానం చేసి, "ఇకనుంచి నేను ముందు గదిలో పడుకుంటా. పిల్లని నా దగ్గరికి రానివ్వకు" అన్నారు. డిపోలో అలా చెప్పి ఉంటారు అనుకున్నాను. మిషను వెనక గదిలోకి మార్చుకున్నాను. బుడంకాయ మధ్య తలుపు దగ్గర నిలబడి "నానా, నానా" అని అరిచేది. ఆయన లోపలి నుంచే పిల్లిలా, బస్సు హారన్‌లా కూతలు కూసి నవ్వించేవారు. ఒక్కసారి కూడా తలుపు తీయలేదు. ఎంత జాగ్రత్తపరుడో అని మురిసిపోయాను కూడా.

గురువారం పొద్దున్న చల్లనయ్య వచ్చాడు.

"ప్రజలకు మనవి. పక్క డిపోలో డ్రైవర్లకు వ్యాధి సోకినందున ఆ డిపో బస్సులు నిలిపివేయబడినవి. ఆ బస్సులకు తెరలు లేవని తెలిసినది. మన బస్సులకు తెరలు కలవు. ప్రయాణికులు భయపడనక్కరలేదు."

"విన్నావా?" అంది అత్తయ్య. "నీ తెరల గురించే. కోడలి పని మైకులో చెప్పాడు చల్లనయ్య."

నేను సగం సంతోషంతో, సగం గుండె దడతో నిలబడి ఉన్నాను. బుడంకాయ మిషను కింద చేరింది. మొదట్లో కుట్టు సరిపోతుందో లేదో అని ఒక ముక్క మీద రెండు మూడు గీతలు కుట్టి చూశాను. అది మిషనుతో పాటే ఈ గదిలోకి వచ్చి అక్కడ పడి ఉంది. పిల్ల దాన్ని కాళ్ళ కింద తొక్కిపట్టి రెండు చేతులతో లాగింది. చిన్న చప్పుడైంది. కాగితం చింపిన చప్పుడు కాదు, బట్ట చిరిగిన చప్పుడూ కాదు. పిల్ల చేతిలో ఒక ముక్క, కాళ్ళ కింద ఒక ముక్క. నేను వేసిన ఒక కుట్టు గీత మీదుగా, కత్తెర పెట్టినట్టు తిన్నగా విడిపోయింది. దారం తెగలేదు. దారం అలాగే ఉంది, ప్లాస్టికే దాన్ని వదిలేసింది.

ముక్కని వెలుతురుకి ఎత్తి చూశాను. అప్పుడు అర్థమైంది. బట్టలో సూది పోగుల మధ్య నుంచి దూరుతుంది, పోగులు మళ్ళీ దగ్గరికి జరుగుతాయి. ప్లాస్టిక్‌కి పోగులేవి? పడ్డ చిల్లు చిల్లుగానే ఉండిపోతుంది. నేను సన్నగా కుట్టి, దాని మీద మళ్ళీ కుట్టి, చిల్లు పక్కన చిల్లు పెట్టుకుంటూ పోయాను. బస్సు టికెట్టు తేలిగ్గా చిరగడానికి పుస్తకంలో చిల్లుల గీత ఉంటుంది చూడండి, సరిగ్గా అదే వేసిపెట్టాను ఆయన వీపు వెనక.

ఇంకా నిండా నడకైనా రాని పిల్ల లాగితే చిరిగింది. బస్సు ఊపుకి ఒక మగమనిషి పట్టుకుంటే?

ఫోన్ చేశాను. బండి నడిపేటప్పుడు ఆయన ఫోన్ ఆపేస్తారు. మళ్ళీ చేశాను. మళ్ళీ.

"అత్తయ్యా, పిల్లని చూస్తూ ఉండండి. నేను బస్సు దగ్గరికి వెళ్ళి వస్తాను."

"ఏ బస్సు దగ్గరికి? కిటికీ తీయవు, వీధిలోకి వెళ్తావా? ఏమైందే?"

"తెర ఆగదు అత్తయ్యా. నేను కుట్టిన తెర ఆగదు."

ఆవిడ నా చేతిలోని ముక్కల వంక చూసింది. "వెళ్ళు" అంది అంతే. పిల్ల ఏడుస్తున్నా ఇటు తిరగనివ్వకుండా చంకనేసుకుంది.

వెడల్పాటి అంటు టేపు చుట్ట ఒకటి తీసుకుని వీధిలో పడ్డాను. అన్ని షాపులకీ షట్టర్లు దించి ఉన్నాయి. నా చెప్పుల చప్పుడు నాకే వినపడుతోంది. ఎదురుగా ఒక మనిషి వస్తే గోడకి అంటుకుపోయాను. ఆయనా నన్ను చూసి అవతలి గోడకి అంటుకుపోయాడు. ఒకరికొకరం దెయ్యాల్లా ఉన్నాం.

స్టాపులో నిలబడ్డాక ఆ దారిలో బస్సు ఎంతసేపటికి వస్తుందో నాకు తెలియదని గుర్తొచ్చింది. ముక్కని చేతిలో నలుపుతూ కూర్చున్నాను. ఎట్టకేలకు ఆయన బస్సు వచ్చింది. ముందు అద్దంలోంచి ఆయన నన్ను చూశారు. చూసి, కళ్ళు రోడ్డు మీదికి తిప్పేసుకున్నారు.

వెనక తలుపు దగ్గర, ఆయనతో డ్యూటీ చేసే కండక్టరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "పాసు చూపించండి." అంతలో మాస్కు పైన నా కళ్ళు పోల్చుకుంది. "వదినా! నువ్వేంటి ఇక్కడ? బుడంకాయ బాగుందా?"

"తెర" అన్నాను.

ఆవిడ నా వంక చూడలేదు. టికెట్ల సంచి సర్దుకుంది. అప్పుడే నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎక్కేశాను. బస్సులో ఆస్పత్రి ఆయమ్మలు ఇద్దరు, వాచ్‌మన్ ఒకడు, దూరం దూరంగా కూర్చుని ఉన్నారు. ముందు వైపు చూశాను. తెర ఒక పక్క పూర్తిగా ఊడి కిందికి జారి ఉంది. దాన్ని ఆయన జేబురుమాలుతో సీటు కడ్డీకి ముడివేసి ఉంచారు. ముడికీ కప్పుకీ మధ్య ఒక మనిషి తల పట్టేంత ఖాళీ. ఆ ఖాళీలోంచి ఆయన మెడ కనపడుతోంది, చెమటకి అంటుకున్న వెంట్రుకలతో సహా.

నేను ముందుకి నడవబోతే ఒక ఆయమ్మ కేక వేసింది. "ముందుకి వెళ్ళకూడదమ్మోయ్! మైకులో వినలేదా?"

"ఆయన మా ఆయనండీ."

"మొగుడైతే రోగం మొహమాటపడుతుందా? కూర్చో అక్కడ."

కూర్చున్నాను. బస్సు డిపో చేరేదాకా ఆ మెడ వంక చూస్తూనే ఉన్నాను. అందరూ దిగాక ఆయన ఇంజను ఆపి, ఇటు తిరక్కుండానే అన్నారు. "అక్కడే ఆగు. పిల్ల ఎవరి దగ్గర ఉంది?"

"అత్తయ్య దగ్గర. ఎప్పుడు చిరిగింది?"

"ఇంటికి వెళ్ళు."

"ఎప్పుడు చిరిగిందండీ?"

కండక్టరమ్మ చెప్పింది. "మొదటి రోజే వదినా. ఒక పెద్దాయన దగ్గుకుంటూ ఎక్కాడు. ఆస్పత్రికి ఏ స్టాపులో దిగాలో అడగడానికి ముందుకి వెళ్ళాడు. ఆగమంటే వినలేదు. సరిగ్గా అప్పుడే కుక్క అడ్డం వచ్చింది, అన్న బ్రేకు వేశాడు. ఆయన తూలి తెర పట్టుకున్నాడు. తెరా ఆయనా కలిసి అన్న భుజం మీద పడ్డారు. ఆయన్ని ఆస్పత్రిలో ఉంచేసుకున్నారట."

"నీకు నోరు ఆగదా?" అన్నారు ఆయన.

"ఎన్నాళ్ళు దాచమంటావన్నా? చూడు, మొహం ఎలా పాలిపోయిందో."

సోమవారం. అందుకేనా తలుపు తీయనిది. అరిచాను. "డిపోలో చెప్పాలి కదా! నాకైనా చెప్పాలి కదా! మీ ప్రాణం కంటే నా గది అద్దె ఎక్కువా?"

"అద్దె ఎవడికి కావాలే" అన్నారు. అప్పుడు ఇటు తిరిగారు. "తెరలు పంపించాక ఆదివారం నీ మొహం చూశాను. బడిలో ఫస్టు వచ్చిన పిల్లలా ఉన్నావు. ఇది చిరిగిందని చెబితే ఎవరు కుట్టారని అడుగుతారు. సెలవు రోజు ఇంటికి తెచ్చి, మెల్లగా నీకు చెప్పి, బాగుచేయిద్దామనుకున్నా. ఇది ఒక్కటే సరిగా పడలేదేమో అనుకున్నా."

ఒక్కటే కాదు. ఆ మాట నా నోట్లోనే ఉంది. కిటికీలోంచి చూస్తే డిపో ఆవరణ నిండా బస్సులు. ప్రతి దాంట్లో డ్రైవరు సీటు వెనక నా తెర ఎండకి తళతళలాడుతోంది. ఒక డ్రైవరు పంపు దగ్గర సీసా నింపుకుని మా ఆయనకి చెయ్యి ఊపి తన బండి ఎక్కుతున్నాడు. నా చేతిలో టేపు ఒక్క చుట్టే. ఒక్క బస్సుకి సరిపోతుంది. అది అంటించి గప్‌చుప్‌గా ఇంటికి వెళ్ళిపోవాలనిపించింది. నిజంగానే అనిపించింది.

"ఆ టేపు ఇటు విసిరేయ్" అన్నారు ఆయన.

"అన్నీ ఇలాంటివేనండీ. అన్నీ ఒకేలా కుట్టాను."

ఆయన నా వంకా, కదలబోతున్న ఆ బస్సు వంకా చూశారు. "నేను చెబుతాలే. ఎండ వేడికి చిరిగిందంటాను."

"ఎండ అంటే వాళ్ళు బళ్ళు ఆపరు."

దిగి సూపర్వైజరు గది వైపు పరిగెత్తాను. గాజు కిటికీ అవతల ఆయన ఫోన్‌లో ఉన్నారు. "ఎవరమ్మా నువ్వు? లోపలికి ఎవరు రానిచ్చారు?" అన్నారు. ఒక ముక్కలో ఇంకా కొంచెం కుట్టు మిగిలి ఉంటే, కిటికీ ముందు పట్టుకుని లాగాను. చిరిగింది. ఇంకో కొస పట్టి లాగాను. అదీ చిరిగింది.

ఆయన ఫోన్ కింద పెట్టారు. "తెరలు నువ్వేనా కుట్టింది?"

"అన్నీ నేనే సార్. కుట్టు తప్పు వేశాను. ఏదీ ఆగదు."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేదేమో. గంట కొట్టించి గేటు వేయించారు, కదిలిన బస్సుని కూడా ఆపించారు. అప్పుడు అడిగారు. "ఎక్కడైనా చిరిగిందా ఇప్పటికే?"

చెప్పాను. వింటూ వింటూనే కుర్చీని కొంచెం వెనక్కి జరుపుకున్నారు. మా మధ్య గాజు ఉంది. అయినా జరుపుకున్నారు. ఆ చిన్న కదలిక నన్ను ఆ రోజంతటిలోకీ ఎక్కువ భయపెట్టింది.

"మీ ఆయన ఇంటికెళ్ళి విడిగా ఉండాలి. జ్వరం గానీ దగ్గు గానీ వస్తే వెంటనే ఫోన్ చేయాలి. అద్దె సంగతి నన్ను అడగకు, అది వార్డు ఆఫీసు చూసుకుంటుంది. తెరలు మాత్రం పొద్దుటికల్లా కావాలి. రాత్రి డ్యూటీ నర్సులు నడిచి ఇళ్ళకి పోలేరు. ఈసారి ఆగేట్టు కుట్టగలవా?"

గలనని చెప్పాను. ఎలాగో అప్పటికి నాకే తెలియదు.

ఎండ తగ్గకముందే తెరలన్నీ వ్యానులో మా గుమ్మం ముందు పడేశారు. వెనకే చల్లనయ్య వచ్చాడు. "తెరలలో లోపము వలన నేడు బస్సులు నిలిపివేయబడినవి. రేపు ఉదయము తిరిగి నడుపబడును." నా తప్పు కూడా ఆ గొంతులో కుళాయి నీళ్ళ కబురులాగే ఉంది.

"పోనీలే, నీ పేరు చదవలేదు" అంది అత్తయ్య. తెరలని సబ్బు నీళ్ళతో తుడుస్తూ, "నా కొడుకుని మాత్రం..." అని ఆగి, ఇంకో తెర అందుకుంది.

పాత కుట్టున్న అంచు అంతా కత్తిరించేశాను. మడత మీద మందపాటి గుడ్డ పట్టీ వేసి, బరువంతా గుడ్డ మీద పడేలా పెట్టి, మరను పెద్ద కుట్టుకి తిప్పాను. ఒక ముక్క మీద కుట్టి అత్తయ్యా నేనూ చెరో కొసా పట్టుకుని కాళ్ళు తన్నిపెట్టి లాగాం. ఆగింది. మళ్ళీ లాగాం. ఆగింది. అప్పుడు కూర్చున్నాను పనికి.

ఆయన ముందు గదిలో ఉన్నారు. మధ్య తలుపు వేసి ఉంది. బుడంకాయ దాని మీద అరచేతులతో కొడుతూ "నానా" అంటే, లోపలి నుంచి బస్సు హారన్ వచ్చింది, కాస్త నీరసంగా. పిల్ల పకపకా నవ్వింది. అత్తయ్య దాన్ని ఎత్తుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది.

మిషను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సగం తెర కుట్టాను. అప్పుడు లోపల దగ్గు వినపడింది.

నా కాలు ఆగిపోయింది.

"ఏమైందండీ?"

"ఏం లేదే. నీళ్ళు తాగుతుంటే పొలమారింది." ఇంకోసారి దగ్గి, గొంతు సవరించుకున్నారు. "నువ్వే తలుచుకుంటున్నట్టున్నావు."

"ఇంత దగ్గర నుంచి తలుచుకున్నా పొలమారుతుందా?"

"గట్టిగా తలుచుకుంటే మారుతుంది మరి. కుట్టు, ఆపకు. పొద్దున్నే బళ్ళు బయల్దేరాలి."

ఆయనకని నింపిన నీళ్ళ సీసా మిషను పక్కనే ఉంది. పనిలో పడి ఇంకా లోపలికి ఇవ్వనేలేదు. ఆ గదిలో వేరే నీళ్ళు లేవు.

సీసా తీసుకెళ్ళి తలుపు దగ్గర చప్పుడు కాకుండా పెట్టాను. ఫోన్ తీసి సూపర్వైజరు ఇచ్చిన నంబరు నొక్కి, చెవికి ఆనించుకుని, రెండో చేత్తో తెర పట్టుకుని మిషను తొక్కుతూనే ఉన్నాను. చప్పుడు ఆగితే, నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసిపోతుంది.